టేబుల్‌టాప్ రోల్‌ప్లే ఆటలతో గొంతు ప్రాక్టీస్ కుదురుతుందా? ఇంట్లో వచ్చే గొంతు నలుగురిలో రావట్లేదు

నీలికలువ

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

నేను ట్రాన్స్ మహిళని. మాది తెనాలి, ఉద్యోగం హైదరాబాద్‌లో. హార్మోన్లతో చర్మం మారింది, మొహం కొద్దిగా మారింది, గొంతు మాత్రం ఉన్నచోటే ఉంది. యుక్తవయసులో ఒకసారి మందమైన స్వరతంతువులు ఈస్ట్రోజెన్ వాడినంత మాత్రాన మళ్లీ పలచబడవని డాక్టరుగారు ముందే చెప్పారు. అందుకని స్పీచ్ థెరపిస్టు దగ్గర ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్నాను. తలుపేసుకుని పేపరు పైకి చదివితే గొంతు బాగానే వస్తోంది. పిచ్ (గొంతు ఎత్తు) చూపించే యాప్‌లో గీత 180 హెర్ట్జ్ పైనే నిలుస్తోంది. ఆ రికార్డింగులు వింటే నాకే ముచ్చటేస్తుంది.

గడప దాటితే కథ వేరు. ఆటో అతను "ఎక్కడికి?" అనగానే పాత గొంతు ఊడిపడుతుంది. డెలివరీ అబ్బాయి ఫోన్ చేసి "సార్, లొకేషన్ పంపండి" అన్నాడంటే ఇక ఆ పూటంతా నోరు తెరవబుద్ధి కాదు. ఆఫీసు మీటింగుల్లో చాట్‌లో టైప్ చేసి నెట్టుకొస్తున్నాను. పని తెలియక మాట్లాడటం లేదనుకుంటున్నారు, అదింకా బాధ.

మా టీములో ఒకమ్మాయి శనివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతుంది. "నువ్వూ రా, ఒక పాత్ర తీసుకుని ఆ పాత్రలా మాట్లాడటమే" అంటోంది. వినగానే ఆశ పుట్టింది, వెనకే భయమూ పుట్టింది. నేను బళ్లో నాటకం కూడా వెయ్యలేదు. ఆ గొంతు మిమిక్రీలాగా పాత్ర గొంతుగానే మిగిలిపోతుందా, లేక నాదవుతుందా? టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లకి నా సంగతి ముందే చెప్పాలా? ఇంగ్లీషులోనే ఆడాలా? నాకు కావలసింది తెలుగులో మాట్లాడే ధైర్యం.

ఇలా ప్రయత్నించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. సర్జరీ సలహాలు మాత్రం వద్దు, ప్లీజ్.

బడి_పంతులు

అమ్మా, నేను రిటైరైన తెలుగు మాస్టారిని. ఈ పాచికల ఆటలు నాకు తెలియవు. కానీ గొంతు విప్పాలంటే నలుగురి ముందు నిలబడి మాట్లాడటమే మార్గం. మీ హైదరాబాద్‌లో ఉపన్యాసాలు నేర్పే క్లబ్బులు ఉంటాయి కదా, వారం వారం వెళ్లండి. పొద్దున్నే ఒక పద్యం రాగం తీసి పైకి చదవండి, ఊపిరి దానంతటదే అదుపులోకి వస్తుంది. ఆట దగ్గర కూర్చుంటే కాలక్షేపం తప్ప ఏముంటుంది? మీ మంచి కోరి చెప్తున్నాను, ఏమీ అనుకోకండి.

మోటుపల్లి_సుంకరి

మాస్టారూ, పద్యం మాట నిజమే, కాదనను. కానీ నీలికలువ గారికి చదవటంలో ఇబ్బంది లేదు, చదివితే వస్తోందనే చెప్తున్నారు. ఎదుటి మనిషి ఏదో అడిగి, దానికి అప్పటికప్పుడు జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు గొంతు జారిపోతోంది. క్లబ్బులో ఉపన్యాసం చాలావరకు ఇంట్లో రాసుకుని వెళ్లేదే. పైగా అక్కడ అందరి చెవులూ మీ గొంతు మీదే ఉంటాయి. ఆమెకి టెన్షన్ పెరగటానికి అంతకంటే ఏం కావాలి?

నా సంగతి చెప్తాను. ఉండేది సికింద్రాబాద్ మారేడుపల్లిలో. పగలు జీఎస్టీ రిటర్నులు, ఆదివారం సాయంత్రం మా మేడ మీద ఆట. నడిపించేది నేను, అంటే గేమ్ మాస్టర్‌ని. మా టేబుల్‌లో ఒక ట్రాన్స్ అమ్మాయి ఉంది. ఆమెని అడిగే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఆట ఏమిటో తెలియనివాళ్లకి రెండు ముక్కలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. అంతకుముందు వాళ్లు బొమ్మ సైన్యాలతో ఆడిన యుద్ధాల ఆటల్లోంచి పుట్టిందది. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. "కోట తలుపు దగ్గర కాపలావాడున్నాడు, ఏం చేస్తావు?" అని నేనడుగుతాను, నువ్వు చెప్తావు. ఏమవుతుందో తేలని చోట ఇరవై ముఖాల డైస్ వేస్తాం. తేలిక పనికి 10, మధ్యరకానికి 15, కష్టమైనదానికి 20 అందుకోవాలి. పాత్రకున్న నేర్పుని బట్టి పడిన అంకెకి కొంత కలుపుతాం. ఐదో ఎడిషన్ మూల నియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా ఉన్నాయి. పుస్తకాలు కొంటేనే ఆట అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

మేం డ్రాగన్ల జోలికి పోం. కాకతీయుల కాలం పెట్టుకున్నాం. గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకు ఇక దోచుకోం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని వర్తకులకి భరోసా ఇచ్చాడు. ఆ రేవు, ఆ సుంకం, దాన్ని ఎగ్గొట్టాలని చూసే ఓడ వర్తకులు. ఏళ్ల తరబడి ఆడుకోవటానికి సరిపడా సరుకుంది అందులో. (సుంకం వసూలు చేసే వేషం ఎప్పుడూ నాదే. పగలు చేసే పని సాయంత్రం కూడా చేస్తావేంటని మా ఆయన వెక్కిరిస్తాడు.)

మా టేబుల్ అమ్మాయి పాత్ర కర్పూరం అమ్ముకునే వర్తకురాలు, నడివయసు మనిషి. పాత్ర ఎంచుకునేటప్పుడే ఒక మాట చెప్పాను. పదహారేళ్ల రాకుమారి వద్దు, కీచుగొంతు పిశాచీ వద్దు. రేపు బ్యాంకుకి వెళ్తే ఏ గొంతుతో మాట్లాడాలనుకుంటున్నావో ఆ గొంతున్న మనిషిని తీసుకో అన్నాను. కార్టూన్ గొంతు ఆ సాయంత్రానికి సరదాగానే ఉంటుంది, ఇంటికి తీసుకెళ్లటానికి పనికిరాదు. పాత్ర గొంతుగానే మిగిలిపోతుందా అన్నారే, సగం జవాబు ఈ ఎంపికలోనే ఉంది.

మొదట్లో ఆమె పాత్రగా మాట్లాడనే లేదు. "మా వర్తకురాలు సుంకరికి దణ్ణం పెట్టి మూట విప్పుతుంది" అని కథ చెప్పినట్టు చెప్పేది. అలా ఆడటమూ ఆడటమే. చాలామంది ఎన్నేళ్లయినా అలాగే ఆడతారు. ఎవరం తొందరపెట్టలేదు. ఒక ఆదివారం నేను సుంకరినై మూట ముందు బైఠాయించి నసపెడుతున్నాను. "ఏందిది? ఉప్పా? ఉప్పుకి లెక్క వేరే ఉంటది." ఆమెకి ఒళ్లు మండింది. "ఉప్పు కాదయ్యా, కర్పూరం. మీరిలా మూత తీసి కూర్చుంటే పొద్దుగూకేసరికి సగం గాల్లో కలుస్తుంది. ఆ సగానికి కూడా నా దగ్గరే సుంకం పట్టుకుంటారా?"

మాట నేరుగా పాత్రలోంచి వచ్చేసింది. "పట్టుకుంటారా" దగ్గర గొంతు కిందికి జారింది. ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే అందరి కళ్లూ డైస్ మీదున్నాయి. పడింది 4. సుంకరి కదల్లేదు, మూత మూయలేదు. పక్కనున్న కుర్రాడు "ఇంత మాట అన్నాక నాలుగా!" అని నెత్తి కొట్టుకున్నాడు. నిందంతా డైస్ మీదికి పోయింది. బయట ఎవరైనా "సార్" అన్న ప్రతిసారీ తప్పంతా గొంతుదే అనిపిస్తుంది కదా. ఇక్కడ గొంతు జారిన రోజు పని కావచ్చు, గొంతు నిలిచిన రోజు పని చెడవచ్చు. కొన్నాళ్లు ఇలా ఆడితే ఆ రెంటికీ మధ్య ముడి వదులవుతుంది.

ఇంతవరకు చాలామంది చెప్పేదే. నేను వీటికంటే ఎక్కువగా గమనించేది ఆట మధ్యలో దొర్లే మాటల్ని. ఒక సాయంత్రం మొత్తంలో పాత్రగా మాట్లాడేది కొంచెమే. మిగతాదంతా "ఇప్పుడు ఎవరి వంతు?", "నాకెంత కలపాలి, మూడా నాలుగా?", "ఆ డైస్ ఇటు తొయ్యి", "బజ్జీలు అప్పుడే అయిపోయాయా?". ఇవి సొంత పేరుతో, సొంత మనిషిగా, ముందుగా ఆలోచించుకోకుండా అనే మాటలు. ఆటోలో, ఫోన్‌లో మీకు కావలసినవి అచ్చంగా ఇవే. పాత్ర గొంతు ఇంకా నోట్లో ఉండగానే ఇవీ దొర్లుతుంటాయి. సుంకరితో వాదించిన ఊపులోనే ఆ అమ్మాయి "ఎవరి దగ్గరైనా టైప్ సీ చార్జర్ ఉందా?" అంది, వర్తకురాలి గొంతులోనే. తనకి తెలియదు. నేనూ చెప్పలేదు, చార్జర్ ఇచ్చాను. తర్వాత తర్వాత వర్తకురాలు ఎక్కడ ఆగుతుందో, ఈ అమ్మాయి ఎక్కడ మొదలవుతుందో గొంతుని బట్టి చెప్పలేకపోయాం. అందుకే పాత్ర గొంతుకీ మీ గొంతుకీ దూరం తక్కువ ఉండాలంటున్నాను. దూరం ఎక్కువైతే చార్జర్ అడిగేటప్పుడు ఠక్కున పాత గొంతుకి వచ్చేస్తారు.

టేబుల్ వాళ్లకి చెప్పాలా అంటే, నడిపించే మనిషికి ఒక్కరికి చెప్తే చాలు, అదీ నమ్మకం కుదిరితేనే. ఆట మొదలయ్యే ముందు సెషన్ జీరో అని ఒక పూట కూర్చుంటాం. ఎవరిని ఎలా పిలవాలో, ఏ విషయాలు కథలోకి రాకూడదో అక్కడ తేల్చుకుంటాం. టేబుల్ మధ్యలో ఎక్స్ అని రాసిన కార్డు ఒకటి పెడతాం. జాన్ స్టవ్రోపౌలోస్ అనే ఆయన తెచ్చిన పద్ధతి. ఎవరైనా దాన్ని తాకితే ఆ విషయం అక్కడితో వదిలేస్తాం, ఎందుకని అడగం. దీనికి తోడు మా టేబుల్‌కి సొంత నియమం ఒకటుంది. ఎవరి గొంతు గురించీ ఎవరూ మాట్లాడకూడదు, మెచ్చుకోకూడదు కూడా. "భలే ఉంది నీ వాయిస్" అన్నారా, ఆ క్షణం నుంచి ఆ మనిషి సుంకరితో వాదించటం మానేసి తన గొంతు తానే వినటం మొదలెడుతుంది. కొత్తవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. ఉండనీ.

భాష మీ ఇష్టం. మేం తెలుగులోనే ఆడతాం, రోల్, హిట్ పాయింట్స్ లాంటివి ఇంగ్లీషులోనే దొర్లిపోతాయి. ఇంకో సంగతి. మీ పాత్ర ఆడమనిషి అయితే టేబుల్ అంతా సాయంత్రం పొడుగునా "ఆవిడ ఒప్పుకోదు", "ఆవిడని అడిగి చూడు" అంటూనే ఉంటుంది. ఎవరికీ ఏదీ వివరించక్కర్లేదు. మా అమ్మాయి సగం దానికోసమే వస్తానంటుంది.

మొదటి రోజే డైస్, లెక్కలు, పాత్ర షీటు అంటే కంగారుగా ఉంటే కార్డుల ఆట ఒకటుంది, ఫర్ ద క్వీన్ అని. అలెక్స్ రాబర్ట్స్ తయారుచేశారు, 2019లో వచ్చింది. డైస్ లేదు, గేమ్ మాస్టర్ లేరు. రాణితో దూరప్రయాణం వెళ్తున్న పరివారం మీరంతా. కార్డు తీసి ప్రశ్న పైకి చదవాలి, మీ పాత్ర తరఫున జవాబు చెప్పాలి. చెప్పాలని లేకపోతే పక్కవాళ్లకి ఇచ్చెయ్యొచ్చు. రాణి మీద దాడి జరిగింది, కాపాడతావా అన్న కార్డుతో ముగుస్తుంది. మీకు చదివితే గొంతు వస్తోంది కదా. ఇందులో ప్రతి వంతూ చదవటంతో మొదలై అప్పటికప్పుడు అనే మాటలోకి వెళ్తుంది. మీకోసమే చేసినట్టుంది.

తడబాటు_తారకం

సుంకరి అక్కా, చాలావరకు ఒప్పుకుంటాను, ఒకచోట మాత్రం పేచీ ఉంది. ముందు నేనెవరో చెప్తాను. నాకు నత్తి. ఊరు అనకాపల్లి, ఇప్పుడు బెంగళూరు. పెద్దవాళ్లలో సుమారు నూటికి ఒకరికి నత్తి ఉంటుందంటారు, వాళ్లలో మగవాళ్లే ఎక్కువ. మా ఆఫీసులో నేనొక్కణ్ణే ఉన్నట్టు అనిపిస్తుంది. మిగతావాళ్లు దాచుకుంటున్నారేమో.

మాస్టారు చెప్పిన దారి నేను నడిచి వచ్చినవాణ్ణే. హైస్కూల్లో దుర్యోధనుడి ఏకపాత్రాభినయం చేసి ప్రైజు కొట్టాను, ఒక్క అక్షరం కూడా తట్టుకోకుండా. గద దించి స్టేజీ దిగగానే మైకులో పేరడిగారు. "తా... తా... తా..." హాలంతా నవ్వు. నటించేటప్పుడు, పాడేటప్పుడు, పదిమందితో కలిసి చదివేటప్పుడు నత్తి తగ్గటం మా వాళ్లలో చాలామందికి తెలిసిన సంగతే. అదక్కడే ఆగిపోతుంది. ఇక ఉపన్యాసాల క్లబ్బు. నేను వెళ్లినచోట "అ", "ఆ" అన్నవి ఎన్నో లెక్కపెట్టటానికి ఒక మనిషిని కూర్చోబెడతారు. నాకు పడే లెక్క ఊహించుకోండి మాస్టారూ.

నా పేచీ ఇది. పాత్ర గొంతు నెమ్మదిగా మామూలు మాటల్లోకి పారుతుందంటున్నారు. నా విషయంలో తిరగబడింది. నాది కొండజాతి వేటగాడి పాత్ర, వాడు గడగడా మాట్లాడేవాడు. వాడు ఎంత బాగా మాట్లాడితే "మంచినీళ్లు ఇవ్వరా" అనటానికి నాకు అంత కష్టమయ్యేది. పాత్రలో దొరికిన వేగం నాకు దాక్కునే చోటుగా మారింది. అందుకని వేటగాడికి కూడా నత్తి పెట్టాను, కావాలనే. పేరు కూడా నాకు తట్టుకునే అక్షరంతోనే పెట్టాను, తిమ్మడు అని. వాడు "ఆ... ఆగు" అని పులి ముందు నిలబడితే టేబుల్ అంతా వాడు వాక్యం పూర్తిచేసేదాకా ఆగింది. పులి కూడా ఆగింది, గేమ్ మాస్టర్ దయ. అప్పటినుంచి మంచినీళ్లు అడగటం సులువైంది. నత్తి తగ్గిందని కాదు, ఉన్నా అడుగుతున్నాను.

నీలికలువ గారి లక్ష్యం వేరే, ఆమెకి కావలసిన గొంతు ఉంది, దాన్ని దాచుకునే చోటు అనలేం. అయినా ఒక జాగ్రత్త చెప్తాను. పోరాటం వచ్చినప్పుడు ఇనిషియేటివ్ అని డైస్ వేసి వరస కడతారు. "నీ తర్వాత నువ్వు, ఆ తర్వాత నువ్వు." బళ్లో హాజరు పిలుస్తుంటే నా నంబరు దగ్గరపడే కొద్దీ కడుపులో తిప్పేది చూడండి, సరిగ్గా అదే వస్తుంది. మా టేబుల్‌లో ఆ వరస తీసేయించాను. ఎవరి వంతు అయిపోతే వాళ్లే తర్వాతి మనిషిని పిలుస్తారు. ఎప్పుడొస్తుందో తెలియకపోతే ముందునుంచి గొంతు బిగబట్టుకుని కూర్చునే పని ఉండదు.

ఇంకోటి, డైస్ వెనక దాక్కోవటం. "నేను వాణ్ణి ఒప్పిస్తాను, పర్సుయేషన్ వేస్తా" అని డైస్ విసిరేస్తే ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఏడాది ఆడొచ్చు. నేను ఆడాను. కనీసం ఒక్క వాక్యం అన్నాకే డైస్ ముట్టుకోవాలని మీకు మీరే పెట్టుకోండి. వాక్యం చెత్తగా ఉన్నా పర్లేదు.

నత్తి ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ద ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ వాళ్ల స్వయం సహాయక బృందాలు చాలా నగరాల్లో ఉన్నాయి, వెతికి చూడండి.

గళం_వైజాగ్

స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టుని. మిమ్మల్ని చూడకుండా చికిత్స చెప్పలేను, మీ థెరపిస్టుకి ఈ ఆట సంగతి తప్పకుండా చెప్పండి. సంతోషిస్తారు. గదిలో వచ్చింది బయటికి రావటం మా వృత్తిలో అన్నిటికంటే మొండి దశ. ట్రాన్స్ ఆరోగ్య నిపుణుల అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూపాత్ 2022లో తెచ్చిన ట్రాన్స్ ఆరోగ్య మార్గదర్శకాల ఎనిమిదో సంచికలో గొంతుకీ సంభాషణకీ విడిగా ఒక అధ్యాయమే ఉంది. కాబట్టి ఇదేదో పైపై మోజు అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

యాప్‌లో గీత గురించి ఒక మాట. 180 హెర్ట్జ్ బాగానే ఉంది, కానీ వినేవాళ్లు పిచ్ ఒక్కటే పట్టుకోరు. శబ్దం ఛాతీలో మోగుతోందా, నోటి ముందు భాగంలో మోగుతోందా అన్నది కూడా అంతే బలంగా వినిపిస్తుంది. వాక్యంలో ఎత్తుపల్లాలు సరేసరి. పిచ్ మాత్రం పైకి లాగి పట్టుకుంటే గొంతు బిగుసుకుంటుంది, గంటలో అలిసిపోతుంది. ఆట దగ్గర యాప్ తెరవకండి.

నాకు ఆందోళన కలిగించేది ఆట నిడివి. మూడు నాలుగు గంటలు, పక్కన ఫ్యాను మోత, అందరూ ఒకేసారి అరుస్తుంటే దానిపైన వినపడాలని గొంతు పెంచటం. కొత్తగా నేర్చుకుంటున్న గొంతుకి అది బరువు. వెళ్లేముందు ఐదు నిమిషాలు స్ట్రా నోట్లో పెట్టుకుని గ్లాసు నీళ్లలో బుడగలు వచ్చేలా "ఊ" అని మెల్లగా పైకీ కిందికీ పలకండి. స్వరతంతువుల మీద ఒత్తిడి తగ్గుతుంది. మధ్యలో గొంతు సవరించుకోవాలనిపిస్తే ఒక గుక్క నీళ్లు మింగండి. అలిసిపోతే ఆ కాసేపు కథ చెప్పినట్టు తక్కువ మాటల్లో ఆడండి. గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అని చాలామంది అంటారు. చాలామందికి గుసగుసలో ఇంకా బిగుస్తుంది, వద్దు. రాక్షసుల గర్జనలు వేరేవాళ్లకి వదిలెయ్యండి. బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీకి చూపించుకోండి.

ఒక్కటి ముందే చెప్పి ఉంచుతాను, లేకపోతే అక్కడ కుంగిపోతారు. నవ్వు, దగ్గు, తుమ్ము, ఉలిక్కిపడి వేసే కేక. ఇవి చివరికిగానీ మారవు. మంచి టేబుల్‌లో పగలబడి నవ్వుతారు, ఆ నవ్వు పాత గొంతులోనే వస్తుంది. వస్తే రానివ్వండి. నవ్వుని విడిగా, చిన్న "హ్హ" నుంచి మొదలుపెట్టి సాధన చేయించే పద్ధతులున్నాయి, మీ థెరపిస్టుని అడగండి. నవ్వకుండా బిగబట్టుకుని కూర్చుంటే మాత్రం ఆ బిగువు మాటలోకి కూడా వస్తుంది.

ట్రాన్స్ పురుషులు చదువుతుంటే: టెస్టోస్టిరాన్‌తో మీ పిచ్ దానంతటదే దిగుతుంది కానీ, దిగిన గొంతుతో గదిలో అందరికీ వినపడేలా మాట్లాడటం మీకూ సాధనే. పై జాగ్రత్తలన్నీ మీకూ వర్తిస్తాయి, గర్జనల మాటతో సహా.

నీలికలువ

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. మాస్టారూ, పద్యం ఆలోచన వదల్లేదు, స్ట్రా బుడగల తర్వాత ఒకటి చదువుతాను. తారకం గారూ, తిమ్మడికీ పులికీ నా నమస్కారాలు.

చార్జర్ సంగతి చదివి కాసేపు ఆగిపోయాను. నేను ఇన్నాళ్లూ ముఖ్యమైన మాటలకే తయారవుతున్నాను. మీటింగులో ఏం చెప్పాలి, డాక్టరుతో ఏం చెప్పాలి అని. "ఆ డైస్ ఇటు తొయ్యి" లాంటివి ఎవరితోనూ సాధన చెయ్యలేదు, చెయ్యటానికి మనుషులూ లేరు.

మా కొలీగ్‌తో మాట్లాడాను. వచ్చే వారం తన రూమ్‌లో ముగ్గురం కార్డుల ఆట ఆడదామంది. సెషన్ జీరో అంటే తనకి తెలుసట, "నువ్వు చెప్పకపోయినా పెట్టేదాన్ని" అంది. పాత్ర ఇంకా అనుకోలేదు. రాణిగారి వంటల మీద అజమాయిషీ చేసే మనిషి అనుకుంటున్నాను, మా పెద్దమ్మలా. గట్టిగా అరవదు, కానీ ఆవిడ మాటకి వంటింట్లో ఎదురుండదు.

సుంకరి అక్కా, ఒక ప్రశ్న. మా కొలీగ్ అసలు గ్రూపు డిస్కార్డ్ అనే వాయిస్ చాట్ యాప్‌లో కూడా ఆడుతుంది. మొహం కనపడదు కాబట్టి మొదట అదే తేలికేమో అనిపిస్తోంది. ఏమంటారు?

మోటుపల్లి_సుంకరి

పెద్దమ్మ పాత్ర బంగారంలా ఉంది, మార్చకు. (నువ్వు అనేశాను, చెల్లెలివి అనుకున్నాను.)

డిస్కార్డ్ మొదట వద్దు, తర్వాత తప్పకుండా. మొహం కనపడకపోతే అందరి దగ్గరా మిగిలేది నీ గొంతొక్కటే, అంటే నిన్ను భయపెట్టే ఫోన్ కాలే మళ్లీ. ఎదురుగా కూర్చుంటే చెయ్యి ఊపుతావు, కళ్లెగరేస్తావు, సగం మాట అవే మోస్తాయి. నీకు అసలు ఇబ్బంది ఫోన్‌తోనే కాబట్టి, టేబుల్ దగ్గర కుదురుకున్నాక అదే మనుషులతో, అదే పాత్రతో ఆన్‌లైన్‌కి వెళ్లు. కొత్త మనుషులు, కొత్త పాత్ర, మొహం లేని గొంతు, మూడూ ఒకేసారి పెట్టుకోకు.

వెళ్లినప్పుడు సెట్టింగుల్లో రెండు చూసుకో. నాయిస్ సప్రెషన్ (చుట్టుపక్కల మోత తగ్గించేది) ఆన్‌లో ఉంటే మెత్తగా మొదలయ్యే గొంతులో మొదటి అక్షరాన్ని మింగేస్తుంటుంది. మా అమ్మాయి "నేను వస్తాను" అంటే "...ను వస్తాను" అని వినిపించేది, వినపడలేదేమోనని గొంతు పెంచేది, పెంచగానే జారేది. అది ఆపేసి ఇయర్‌ఫోన్ మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంటే కుదిరింది. రెండోది, పుష్ టు టాక్ పెట్టుకో. బటన్ నొక్కేముందు ఒక ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది.

డైస్ కొనక్కర్లేదు, గూగుల్‌లో రోల్ డీ20 (ఇరవై ముఖాల డైస్) అని కొడితే అదే వేసి చూపిస్తుంది. కార్డుల ఆట అయ్యాక ఎలా జరిగిందో ఇక్కడే రాయి. మా బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీ అవుతోంది, మా ముత్యాల వర్తకుడికి పుణేకి బదిలీ అయింది. రావాలనిపిస్తే మెసేజ్ పెట్టు, చిరునామా అక్కడ చెప్తాను. లిఫ్టు లేదు, మూడంతస్తులు ఎక్కాలి.